ముప్పదొకటికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు. మెదక్ సీమలోని కొల్చారం వాడైన ఆ పండితుడు కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిపెట్టాడు గనుక ఇవాళ మనబోటివాళ్ళం ఆ కావ్యాల్లో దారి తప్పకుండా తిరుగుతున్నాం. వావిళ్లవారి పుణ్యమా అని మన ప్రబంధాలకూ టీకా తాత్పర్యాలు దొరికాయి. ఇంటర్మీడియట్ మార్కుల మెమోకు మాత్రం ఇంతవరకూ ఎవరూ టీక రాసినట్టు లేదు. నిజానికి టీక కావలసింది దానికే. వర్ణనల్లేవు, సంభాషణల్లేవు. సబ్జెక్టు పేరు, దాని పక్కన ఒక అంకె. పాణిని సూత్రాలైనా అంత క్లుప్తం కావు. వాటికే మహాభాష్యం కావలసివచ్చింది.

ఈ టీకాకారుడు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. ఏటా ఎండాకాలంలో స్పాట్ వాల్యుయేషన్‌కు పోయి ఎర్రపెన్ను పట్టినవాడు. చెల్లెలి కొడుక్కి మొదటి సంవత్సరం ఎంపీసీలో లెక్కలు 1బి పేపర్లో మార్కులు తగ్గిన రోజు రాత్రి ఇంటిల్లిపాదీ ఇతని ముందు కూర్చున్నారు. ఆ గొడవలోంచి తర్వాత పుట్టిన పద్యం ఇది. కర్త ఎవరో తెలియదు. పిల్లవాడి మేనమామే అయి ఉంటాడని ఇంట్లో అనుమానం ఉంది గాని, ఆ మేనమామే టీక కూడా రాస్తున్నందువల్ల విచారణ ముందుకు సాగలేదు.

మూలం

ఆ. డెబ్బదైదు కలుగు దెబ్బకే యని చెప్పి
ముప్పదొకటి చూచి తప్పుబట్టె;
ఆరువందలిచ్చి యర్జీని పెట్టించి
యెదురుచూచెఁ దండ్రి యేకదీక్ష.

ప్రతిపదార్థం

డెబ్బదైదు = డెబ్బై అయిదు మార్కులు. పేపరు మొత్తమే అంత. రెండు మార్కుల ప్రశ్నలు పది, అన్నీ రాయాలి. నాలుగు మార్కులవి ఏడిస్తే అయిదు, ఏడు మార్కులవి ఏడిస్తే అయిదు రాయాలి. ఇరవై, ఇరవై, ముప్పై అయిదు కలిపితే డెబ్బై అయిదు. అంటే నాయకుడు చెప్పిన అంకెలో ఒక్క మార్కు కూడా దేవుడికని వదల్లేదు. మొదటి సంవత్సరం ఎంపీసీ మొత్తం 470. రిజల్ట్స్ మర్నాడు పత్రికల మొదటి పేజీల్లో 468, 467 అంటూ పాస్‌పోర్టు ఫొటోలు వరసలు కట్టే దేశంలో పిల్లవాడు అంతకు తక్కువ చెబితే ఇంట్లో జ్వరమేమోనని నుదురు పట్టి చూస్తారు. కాబట్టి దీన్ని అతిశయోక్తి అనడానికి వీల్లేదు. కాలేజీవారి దృష్టిలో ఇది స్వభావోక్తి.

కలుగు = వస్తాయి. తద్ధర్మార్థక క్రియ. నిన్న వచ్చాయనీ కాదు, రేపు వస్తాయనీ కాదు. రావడం వాటి స్వభావమని అర్థం.

దెబ్బకే = ఒక్క దెబ్బకే. ఏవకారం నిశ్చయాన్ని చెబుతుంది. దెబ్బ ఎవరు కొడతారు, ఎవరికి తగులుతుంది అన్నది కవి తేల్చలేదు. ధ్వని.

అని చెప్పి = పరీక్ష కేంద్రం గేటు దగ్గర, నీళ్ళ సీసా పట్టుకుని చెట్టు కింద నిలబడ్డ తండ్రితో చెప్పి. ఆ సంభాషణ టీకాకారుడి చెవిన పడింది. "ఎట్ల రాసినవ్‌రా?" "మస్తు ఈజీ నాయనా, అన్నీ అటెంప్ట్ చేసిన." ఈ 'అటెంప్ట్' అనే మాట దగ్గర తండ్రులు కాస్త ఆగాలి. అటెంప్ట్ చేశానంటే రాశానని అర్థం, సరిగ్గా రాశానని కాదు. యుద్ధానికి వెళ్ళానన్నాడు గాని గెలిచానన్లేదు. మా బావ ఆ తేడా గమనించకుండా దారిలోనే స్వీట్ హౌస్ ముందు బండి ఆపాడు.

ముప్పదొకటి = ముప్పై ఒక్క మార్కులు. వ్యాకరణం ప్రకారం 'ముప్పదియొకటి' అని ఉండాలి, ఒక అక్షరం తగ్గింది. మార్కులు తగ్గిన పద్యంలో అక్షరాలు తగ్గడం ఔచిత్యమే. ఇక ఈ అంకె అర్థం. డెబ్బై అయిదుకు పాస్ మార్కు 26. కాబట్టి నాయకుడు పాసయ్యాడు. కరుణ రసానికి దెబ్బ కొట్టింది ఇక్కడే. ఫెయిలైనవాడి ఇంటికి చుట్టాలు వస్తారు, భుజం తడతారు, ఫలానావాడు కూడా ఫెయిలయ్యి ఇప్పుడు అమెరికాలో ఉన్నాడని కథలు చెబుతారు. ముప్పై ఒకటికి ఎవరూ రారు. పాసయ్యాడు గదా అని ఫోన్ పెట్టేస్తారు. పాసైనందుకు పొగిడేవాడూ లేడు, తగ్గినందుకు ఓదార్చేవాడూ లేడు. మన సాహిత్యంలో ఈ అవస్థ అనుభవించినవాడు త్రిశంకు ఒక్కడే, ఆయనకైనా వెనక విశ్వామిత్రుడున్నాడు.

చూచి = ఫోన్లో చూసి. వెబ్‌సైట్ వెంటనే తెరుచుకోదు కాబట్టి 'చూడబోయి, చూడబోయి, చివరకు చూసి' అని చెప్పుకోవాలి.

తప్పుబట్టె = తప్పుపట్టాడు. ఎవరిని? కర్మ లేదు. అధ్యాహారం చేసుకోవాలి. ఈ ఒక్క మాట మీద మా ఇంట్లో నాలుగు పక్షాలు లేచాయి. పిల్లవాడి పక్షం, దిద్దినవాణ్ణి తప్పుపట్టాడని. తండ్రి పక్షం, కంప్యూటర్నని. మా చెల్లెలి పక్షం, "ఆ ఫోన్నే తప్పుపట్టాలె అన్నా, రాత్రి రెండింటిదాంక అదే పని." ఎదురింటి పిన్నిగారి పక్షం, గ్రహాల్ని. వీటిలో మొదటి పక్షాన్ని పిల్లకాయ కక్ష అని కొట్టిపారేయడానికి లేదు, ప్రమాణముంది.

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా అని వచ్చింది. పేపరు తీసి చూస్తే 99. ఓఎంఆర్ మీద రెండు తొమ్మిదులు దిద్దాల్సిన చోట రెండు సున్నాలు దిద్దారు. నేను జీవితమంతా చెప్పిన సబ్జెక్టులో, నాలాంటి ఇద్దరి చేతుల మీదుగా, దిద్దేవాడి దగ్గరా ఆ తర్వాత సరిచూసేవాడి దగ్గరా, తొంభై తొమ్మిది మార్కులు సున్నా అయి బయటికి పోయాయి. గొడవ పెద్దదయ్యాక, ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా విద్యార్థుల పేపర్లను ప్రభుత్వం ఉచితంగా మళ్ళీ చూపించింది. వెయ్యిమందికి పైగా పాసయ్యారు. అప్పటికే కొందరు పిల్లలు లేరు. ఇక్కడ ఏ అలంకారముందో చెప్పడం ఈ టీకాకారుడి చేత కాదు. పిల్లవాడు తప్పుపడితే పట్టనివ్వండి; గొంతు నొక్కొద్దు, ఒంటరిగా గదిలో వదలొద్దు. మేనల్లుడి మార్కులు వచ్చిన రాత్రి నేను మా చెల్లెలింట్లో పడుకున్నది పద్యం రాయడానికి కాదు.

ఆరువందలిచ్చి = ఆరువందల రూపాయలు చెల్లించి. ఒక పేపరుకు రీవెరిఫికేషన్ రుసుము, స్కాన్ చేసిన పేపరుతో కలిపి. ఒట్టి రీకౌంటింగ్ అయితే నూరు. ఇవి తెలంగాణ ధరలు. కృష్ణ దాటి ఆంధ్రలోకి పోతే రీకౌంటింగ్‌కు 260, రీవెరిఫికేషన్‌కు 1300 కట్టించుకుంటూ వచ్చారు. దీనివల్ల ఛందస్సులో ఒక చిక్కుంది. 'ఆరువంద' రెండు గలాలుగా విరిగి ఆటవెలదిలో హాయిగా కూర్చుంది. 'పదమూడు' సలం, ఇంద్రగణం; ఈ పాదం మొదట దానికి చోటు లేదు. అందువల్ల ఆంధ్ర విద్యార్థి తండ్రి సీసం రాసుకోవలసి ఉంటుంది. సీసం పెద్ద పద్యం. ఖర్చుకు తగినట్టే ఉంటుంది.

యర్జీని పెట్టించి = అర్జీ పెట్టించి. ప్రేరణార్థకం. బావ స్వయంగా పెట్టలేదు. నెట్ సెంటర్ కుర్రాడు పెట్టాడు, హాల్ టికెట్ నంబరు బావ చెప్పాడు, ఒక అంకె తప్పు చెప్పాడు, మేనల్లుడు సరిచేశాడు. అర్జీ అన్న మాటను బట్టి 'గౌరవనీయులైన కార్యదర్శిగారికి' అని మొదలయ్యే లేఖ ఉంటుందని పాఠకులు ఊహించవచ్చు. ఉండదు. నంబరు, పేపరు పేరు, డబ్బు. మనసులో మాట చెప్పుకోవడానికి గడి లేదు. బావ రెండు పేజీల లేఖ రాసి తెచ్చాడు. కుర్రాడు దాన్ని మర్యాదగా మడిచి వెనక్కిచ్చాడు.

ఎదురుచూచెఁ దండ్రి ఏకదీక్ష = తండ్రి ఏకాగ్రతతో నిరీక్షించాడు. దీక్ష అనగా అరగంటకోసారి వెబ్‌సైట్ రిఫ్రెష్ చేయుట. దీక్షా నియమాలు: ఫోన్ ఛార్జింగ్ పూర్తిగా ఉండాలి, ఎవరి పెళ్ళికీ పోరాదు, పోయినా మార్కుల ప్రసక్తి రాకముందే భోజనం ముగించి బయటపడాలి.

ఛందో విచారం

ఆటవెలది. మొదటి రెండు పాదాల్లో ప్రాసయతి, తక్కిన రెంటిలో స్వరయతి. రెండో పాదం చివర 'తప్పుబట్టె' అని ఆగి, మూడో పాదం అచ్చుతో 'ఆరు' అని ఎత్తుకున్నాడు కవి. 'తప్పుబట్టె నారువందలిచ్చి' అని ద్రుతం నిలబెట్టి సంధి చేయాలి గదా, ఇది విసంధి దోషం కాదా అని పూర్వపక్షం. కాదు. పద్యం మొదటి సగానికి కర్త కొడుకు, రెండో సగానికి తండ్రి. రిజల్ట్స్ వచ్చిన నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. సంధి ఎక్కడ కుదురుతుంది?

పూర్వపక్షం, సిద్ధాంతం

తెలంగాణలో ఎంసెట్‌కు ఇంటర్ వెయిటేజీ తీసేశారు గదా, ఇక ఈ ముప్పై ఒకటి ఎంతైతేనేమని ఒకరు అడిగారు. నిజమే. అయితే ఎన్ఐటీల ప్రవేశానికి ఇంటర్లో 75 శాతమో, బోర్డులో పైనున్న 20 పర్సంటైలో ఉండాలన్న నిబంధన ఉంది. అది పక్కన పెట్టినా, పెళ్ళిళ్ళలో పెద్దమ్మలు అడిగేది వెయిటేజీ కాదు, మార్కులు.

అసలు తర్కం వేరే చోట ఉంది. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్, రీవాల్యుయేషన్ అనే మూడు మాటల్ని జనం ఒకదానికొకటి పర్యాయపదాలుగా వాడుతున్నారు. కావు. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కుల్ని మళ్ళీ కూడడం, అంతే. రీవెరిఫికేషన్ అంటే కూడిక చూడడంతో పాటు, దిద్దకుండా వదిలేసిన జవాబేదైనా ఉందా అని వెతకడం, ఉంటే దిద్దడం, పేపరు స్కాన్ చేసి ఇవ్వడం. దిద్దిన జవాబుకు వేసిన మార్కు న్యాయమా కాదా అన్న విచారణ ఈ రెంటిలోనూ లేదు. నాలుగుకు రెండు వేస్తే ఆ రెండు రెండే. జవాబు మళ్ళీ చదివి మార్కు మార్చడం రీవాల్యుయేషన్. అది యూనివర్సిటీల్లో ఉంది. జేఎన్‌టీయూ పిల్లలు దాని తర్వాత చాలెంజ్ వాల్యుయేషన్ దాకా పోతారు. ఇంటర్లో ఆ మెట్టు లేదు. తల్లిదండ్రులు నూటికి తొంభై మంది మూడోది దొరుకుతుందనుకుని రెండోదానికి డబ్బు కడతారు. దరఖాస్తు పేజీ మీద ఈ తేడాను పెద్దక్షరాల్లో రాస్తే బోర్డుకు పోయేదేమీ లేదు, కొన్ని ఆరువందలు తప్ప.

ఇక శబ్దప్రమాణం. మహారాష్ట్ర బోర్డు కేసులో 1984లో సుప్రీంకోర్టు, రీవాల్యుయేషన్ కుదరదనే నిబంధన చెల్లుతుందంది. పరీక్షలకు ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలని దాని భావం. ఆ తర్వాత 2011లో సీబీఎస్‌ఈకి సంబంధించిన కేసులో అదే కోర్టు, దిద్దిన పేపరు సమాచార హక్కు చట్టం కింద 'సమాచారమే'నని, రాసినవాడు దాన్ని చూడవచ్చని తీర్పిచ్చింది. చూసినంత మాత్రాన మళ్ళీ దిద్దమని అడిగే హక్కు రాదనీ అందులోనే ఉంది. దర్శనం ఉంది, వరం లేదు.

అలాంటప్పుడు పదిరూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో పోయేదానికి ఆరువందలెందుకని మా బావ అడిగాడు. ఆయన కిరాణా కొట్టు మనిషి, ధరలు పోల్చకుండా ఉండలేడు. ఆర్టీఐకి ముప్పై రోజుల గడువుంటుంది. ఈలోగా ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష అయిపోతుంది. అసలు చిక్కు మరొకటుంది. రీవెరిఫికేషన్ గడువూ, ఇంప్రూవ్‌మెంట్‌కు కట్టే సప్లిమెంటరీ ఫీజు గడువూ సాధారణంగా ఒకే వారంలో పడతాయి. పేపర్లో తప్పు ఎవరిదో తేలకముందే మళ్ళీ రాస్తావా రాయవా అని చెప్పాలి. తీర్పు రాకముందే అప్పీలు వేసుకోమన్నట్టు. బావ రెండూ కట్టాడు.

మూలప్రతి పరిశీలన

కొన్నాళ్ళకు స్కాన్ పేపరు వచ్చింది. ఇరవైనాలుగు పేజీలు. తాళపత్ర గ్రంథం దొరికినప్పుడు పండితులు ఎలా చుట్టూ చేరతారో అలా చేరాం. ఇందులో రెండు చేతి రాతలున్నాయి. నీలిసిరా మూలకర్తది. ఎర్రసిరా మొదటి వ్యాఖ్యాతది. ఆ వ్యాఖ్యాత పేరు ఎవరికీ తెలియదు, ఆయనకు మూలకర్త పేరు తెలియదు. పేరున్న భాగం ముందే చింపేసి బార్‌కోడ్ ఇచ్చారు. ఇలాంటి నిష్పాక్షిక వ్యాఖ్యానం మల్లినాథుడికి కూడా సాధ్యం కాలేదు, ఆయనకు కాళిదాసంటే పక్షపాతం.

మూడో పేజీ. రెండు సమాంతర రేఖల మధ్య దూరం. 3x + 4y – 3 = 0, 6x + 8y – 1 = 0. మొదటిదాన్ని రెండుతో గుణించి రెండోదానితో సమానం చేసుకోవాలి, అప్పుడు దూరం 1/2 వస్తుంది. మూలకర్త గుణించలేదు. ఉన్నది ఉన్నట్టు సూత్రంలో పెట్టి 2/5 తెచ్చాడు. ఎర్రసిరా సున్నా చుట్టింది. లెక్కలు రాని నేను కూడా, మేనల్లుడు వివరించాక, ఒప్పుకున్నాను. వాడు వివరిస్తూండగానే వాడి గొంతు తగ్గింది.

పదకొండో పేజీ. ఈ పేజీ దగ్గర టీకాకారుడు చాలాసేపు నిలబడిపోయాడు. శీర్షాలు (–2, –1), (6, –1), (2, 5)గా ఉన్న త్రిభుజానికి ఆర్థోసెంటర్ కనుక్కోమని ప్రశ్న. మూలకర్త పేజీన్నర రాశాడు. మధ్యలో కొట్టివేతల్లేవు, అంకెలు ముత్యాలు, గీత గీసి చివర జవాబు చుట్టూ డబ్బా కట్టాడు. ప్రతి మెట్టూ సరైనదే. కనుక్కున్నది మాత్రం సర్కమ్‌సెంటర్. అడగని ప్రశ్నకు ఇంత అందంగా జవాబు రాసినవాణ్ణి నేను సర్వీసులో చూశాను గాని వాళ్ళంతా తెలుగు పేపర్ల వాళ్ళు. అక్కడ అలాంటివాళ్ళకు రెండు మార్కులైనా పడతాయి. లెక్కల వ్యాఖ్యాత ఒక అడ్డగీత గీసి సున్నా పెట్టాడు. గీత కొంచెం మెల్లగా గీసినట్టుంది. జాలిపడ్డాడేమో.

పధ్నాలుగో పేజీ. నాలుగు మార్కుల జవాబుకు రెండు. మెట్లన్నీ ఉన్నాయి, చివరి మెట్టులో గుర్తు మారింది. ఇక్కడ మూడు వేయవచ్చునని మేనల్లుడి వాదం. వేయవచ్చు. రెండూ వేయవచ్చు. ఒకే పేపరు మీద ఉదయం తొమ్మిదింటికి వేసే మార్కు, మధ్యాహ్నం భోజనమయ్యాక వేసే మార్కు ఒకటి కావు. దిద్దేవాళ్ళందరికీ ఇది తెలుసు, ఒక్కరూ పైకి చెప్పరు. రోజుకు ముప్పై పేపర్ల చొప్పున దిద్దిన రోజుల్లో, గది బయట ఏప్రిల్ ఎండ, గదిలో తిరిగీ తిరగని ఫ్యాను, ఇరవై ఏడో పేపరు దగ్గర కళ్ళు జవాబును చదవవు, జవాబు ఆకారాన్ని చదువుతాయి. ఈ రకం మార్కును ఏ రీవెరిఫికేషనూ ముట్టుకోదు. మేనల్లుడు ఆ పేజీని మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాడు. వాడి బాధ ఆ ఒక్క మార్కు మీద న్యాయమైనదే. ఆ న్యాయానికి కౌంటర్ లేదు.

పందొమ్మిది, ఇరవై. ఖాళీ.

ఇరవై ఒకటి. ఘనం నాలుగు వికర్ణాలతో ఒక రేఖ చేసే కోణాల కొసైన్ వర్గాల మొత్తం 4/3 అని నిరూపించమన్న ఏడు మార్కుల ప్రశ్న. మూలకర్త ఘనం బొమ్మ గీశాడు, శీర్షాలకు పేర్లు పెట్టాడు, నాలుగు వికర్ణాలూ వేరుచేశాడు, కిందికి కిందికి దిగి 4/3 తెచ్చి డబ్బా కట్టాడు. ఈ పేజీలో ఎర్రసిరా లేదు. టిక్కు లేదు, కొట్టివేత లేదు, సున్నా కూడా లేదు. ఎవరూ ఈ పేజీ దాకా రాలేదు.

మేనల్లుడు ఏమీ అనలేదు. బావ మాత్రం లేచి నిలబడి, "ఏడు!" అన్నాడు, కొట్టులో త్రాసు చూసి తూకం చెప్పినట్టు.

ఇది ఎలా జరుగుతుందో నేను చెప్పగలను. రెండు పేజీలు వరసగా ఖాళీ కనబడితే చెయ్యి దానంతటదే పేపరు మూసేస్తుంది. పిల్లలకు ఖాళీ పేజీలు వదలొద్దని, వదిలితే అడ్డంగా గీత కొట్టి 'వెనక చూడండి' అని రాయమని చెప్పాలి. కార్పొరేట్ కాలేజీల్లో రోజుకు పద్నాలుగు గంటల చదువులో ఈ ఒక్క వాక్యం ఎవరూ చెప్పినట్టు లేదు. అయినా చివరి పేజీ దాకా తిప్పడం దిద్దేవాడి పని. ఆయన తిప్పకపోతే తిప్పడానికే పక్క బల్ల దగ్గర స్క్రూటినైజర్ అని ఒకాయన కూర్చుంటాడు. ఆయన ప్రశ్నలు చదవనక్కర్లేదు, జవాబులు అర్థం చేసుకోనక్కర్లేదు, పేజీలు తిప్పితే చాలు. అలసట అంటే మొదటాయనకు చెల్లుతుంది. రెండో ఆయనకు చెల్లదు.

అన్వయం

ఇప్పుడు పద్యాన్ని మళ్ళీ చదివితే 'తప్పుబట్టె' అన్నచోట కర్మ వదిలేయడం కవి నేర్పని తెలుస్తుంది. ఒక పేరు పెట్టి ఉంటే పద్యం సగమే నిజమయ్యేది.

తాత్పర్యం

డెబ్బై అయిదు వస్తాయని చెప్పిన పిల్లవాడికి ముప్పై ఒకటి రాగా, తండ్రి ఆరువందలు కట్టి పేపరు తెప్పించి చూడగా, ముప్పై ఎనిమిదిగా మారెను. తక్కిన ముప్పై ఏడు మార్కుల్లో ఒకటి రెండు వ్యాఖ్యాతవి, మిగిలినవి మూలకర్తవి. ఆ లెక్క మేనల్లుడే స్వయంగా కాగితం మీద వేసి నాకు చూపించాడు. తండ్రికి చూపించలేదు, నేనూ చూపించలేదు. వాడు ఇంప్రూవ్‌మెంట్‌కు మళ్ళీ కూర్చున్నాడు, ఆర్థోసెంటర్ కింద రెండు గీతలు గీసుకుని.

ఫలశ్రుతి

ఈ టీకను రిజల్ట్స్ నాటి ఉదయం స్నానం చేసి పఠించిన తల్లిదండ్రులకు వెబ్‌సైట్ మొదటిసారికే తెరుచుకొనును. దీన్ని విన్న స్క్రూటినైజర్లకు పేజీలు తిప్పు శక్తి కలుగును. కంఠస్థం చేసిన పిల్లలు ఖాళీ పేజీలు వదలరు.

ఇంతటితో టీక ముగిసిందనుకుంటూండగా బావ మళ్ళీ వచ్చాడు. మెమో చేత పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, సంస్కృతం గడి మీద వేలు పెట్టాడు. తొంభై ఎనిమిది.

"ఈ రెండు ఏడ పోయినయ్ బావా?"

గడువు దాటిందని చెప్పాను. నమ్మలేదు. నెట్ సెంటర్ కుర్రాడికి ఫోన్ కలిపాడు.